ఖాళీ కత్తెర

మా నాన్న కుడి బొటనవేలు చాచుకునేది కాని ముడుచుకునేది కాదు. కత్తెర పట్టి బతికే మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు.

చాలామంది గమనించరు కాని, మంగలి కత్తెరలో కదిలేది ఒక్క బొటనవేలే. ఉంగరపు వేలు దూర్చిన రెక్క కదలకుండా నిలబడి ఉంటుంది. బొటనవేలి కొస దూర్చిన రెక్క వచ్చి దాన్ని కలుస్తుంది. దర్జీలా రెండు రెక్కలూ ఆడిస్తే జుట్టు మెట్లు మెట్లుగా వస్తుంది. ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో, నూకరాజు సెలూన్‌లో, పెద్ద కుర్చీ పక్కన ముక్కాలిపీట మీద నిలబడి ఎనిమిదేళ్ల వయసులో నేర్చుకున్నాను. ఆ నూకరాజే మా నాన్న. ఆరు నెలల పాటు ఒక్క వెంట్రుక ముట్టనివ్వలేదు మహానుభావుడు. ఉత్త కత్తెర చేతికిచ్చి ఆడించమనేవాడు, అంతే.

తర్వాత విశాఖపట్నంలో బొటనవేలి మీదే పదకొండేళ్లు పరిశోధన చేశాను. తొమ్మిది కండరాలు కలిసి దాన్ని ఎలా ఆడిస్తాయో, ఏది ఎంత బలంతో లాగుతుందో గ్రాములతో సహా చెప్పగలను. మా ల్యాబులో నా పేరు హైమావతి అయినా వెనకాల అందరూ అనేది ‘బొటనవేలు మేడమ్’. నాకు కోపం రాదు. ఈ దేశంలో బొటనవేలి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉంటే రమ్మనండి, మాట్లాడుకుందాం.

అలాంటి నాకు, రెండేళ్ల కిందట ఒక ఉదయం మా అమ్మ దేవుడమ్మ ఫోన్ చేసింది. సెలూన్ షట్టర్ స్ప్రింగు తెగి, రేకు అంచు నాన్న ముంజేతి మీద పడింది. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి కూడా దక్కింది. కాని బొటనవేలిని ముడిచే పెద్ద కండ వేలిలో ఉండదు, ముంజేతిలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక తాడు మణికట్టు కిందుగా సన్నని గొట్టంలాంటి దారిలో వెళ్లి వేలి కొసని లాగుతుంది. మేం దాన్ని స్నాయుబంధనం అంటాం. నాన్నకి తాడు అనే చెప్పాను. ఆ తాడు బాగానే ఉంది. దాన్ని లాగే కండా, ఆ కండకి వెళ్లే నరమూ నలిగిపోయాయి.

ఆ తర్వాత కూడా నాన్న రోజూ ఎనిమిదింటికి షాపు తెరిచేవాడు. అద్దాలు తుడిచి, కత్తెరలు వరసగా పేర్చి, పేపరు చదువుతూ కూర్చునేవాడు. ఎవరైనా వస్తే, “రేపు రా” అనేవాడు. రెండేళ్లపాటు ఆ రేపు రాలేదు. నా తల మీద పుట్టినప్పటినుంచీ నాన్న తప్ప ఎవరూ కత్తెర పెట్టలేదు. ఎప్పుడూ మెడ దాటని నా జుట్టు ఈ రెండేళ్లలో సగం వీపు దాకా పెరిగింది. ఇంకొకరి కుర్చీలో కూర్చోవడానికి నా ఒళ్లు ఒప్పలేదు.

మా ల్యాబులో అప్పటికే, పాడైన కండ చోట పెట్టే కండతీగ తయారవుతోంది. పొట్లాలు కట్టే ట్వైన్ దారమంత లావు ఉంటుంది. ఒంటి వేడితోనే పనిచేస్తుంది. నరం నుంచి సంకేతం అందగానే కండలాగే పొట్టిదై తాడుని లాగుతుంది. పుట్టుకతో దానికేమీ తెలియదు. ఒంట్లో పెట్టాక నలభై రోజులు మెత్తగా ఉంటుంది. ఆ నలభై రోజుల్లో దానికి ఏ కదలిక నేర్పితే అదే దాని చదువు. నలభై ఒకటో రోజుకి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత బతిమాలినా మారదు.

“పాత కండ తీసీస్తారా?” అని అడిగాడు నాన్న.

“తీసెయ్యాలి నాన్నా. కాస్తో కూస్తో కోలుకుంటుందన్న ఆశ కూడా దాంతోపాటే పోతుంది. తీగ సరిగ్గా నేర్చుకోకపోతే ఇంక ఆ వేలు జన్మలో కత్తెర మూయలేదు.”

“ఇప్పుడేటి మూసేస్తున్నాదా?” అన్నాడు. “పెట్టీయ్. నువ్వు చేసిన వస్తువు నాకు పనిచెయ్యకపోతే ఇంకెవడికి పనిచేస్తాది?”

ఈ మొండి ధైర్యం మా ఇంట్లో అందరికీ ఉంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఊహించుకోండి.

తీగకి నేర్పడానికి ఒక మంచి బొటనవేలు కావాలి. నాన్న కుడిచేతి వాటం ఈ భూమ్మీద ఇంకొకరికే వచ్చు. నేనే. సెన్సర్ల తొడుగు వేసుకుని పదకొండు రోజులు విగ్గులు కత్తిరించాను. నా వేలి ప్రతి కదలికనీ కంప్యూటర్ రాసుకుంది. ఆ రాతని శుభ్రం చేసేవాడు మా పట్నాయక్. శ్రీకాకుళం కుర్రాడు, నుదుటి మీద పడే ఉంగరాల జుట్టంటే వాడికి ప్రాణం.

“మేడమ్, కోతకీ కోతకీ మధ్య ఈ చిన్న చిన్న అలలేంటి? సగానికి పైగా ఇవే ఉన్నాయి,” అన్నాడు తెర చూపించి.

“అది ఖాళీ కత్తెర. మంగలివాళ్లు మధ్యలో గాల్లో ఆడిస్తారు. ఉత్త అలవాటు. తీసెయ్.”

“తీసేస్తే ఏం కాదు కదా?”

“పని చెయ్యని కదలికతో తీగకేం పని? తీసెయ్యమన్నానుగా.”

తీసేశాడు. ఇంత బాగా, ఇంత ధైర్యంగా నేను చేసిన తప్పు ఇంకొకటి లేదు.

ఆపరేషన్ ఫరీదా మేడమ్ చేశారు. చేతి శస్త్రచికిత్సలో ఆవిడంత నిదానస్తురాలిని నేను చూడలేదు. పద్నాలుగో రోజున నాన్న బొటనవేలు దానంతట అది వంగి చూపుడు వేలిని ముట్టుకుంది. ఇరవయ్యో రోజున చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఇరవై రెండో రోజున కుడిచేత్తో పప్పూ అన్నం కలుపుకుని తిన్నాడు. మా అమ్మ ఎదురుగా కూర్చుని ఏడ్చేసింది. మా ల్యాబులో స్వీట్లు పంచారు. నేనూ నాలుగు తిన్నాను, దాచుకోవడం దేనికి?

ఇరవై తొమ్మిదో రోజున నాన్న చేతికి కత్తెర ఇచ్చాం. విగ్గు మీద కోత బాగానే ఉందనిపించింది. పట్నాయక్ ఉత్సాహం పట్టలేక కుర్చీలో కూర్చున్నాడు.

“నాన్నగారూ, ముందు భాగం కొంచెం ఉంచండి,” అన్నాడు.

నాన్న దువ్వెనతో జుట్టు ఎత్తిపట్టి కత్తెర ఆనించాడు. వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఒక్కసారిగా కుదుపుతో మూసుకుంది. మూడో కోతకే పట్నాయక్ కెవ్వుమన్నాడు. ఎడమ చెవి అంచు చీలి తెల్లకోటు మీద నెత్తురు కారింది.

నాన్న కత్తెర కింద పెట్టేశాడు. నలభై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క చెవి కూడా తెగలేదు.

రెండు రోజులు సంకేతం బలం తగ్గించి చూశాం, పెంచి చూశాం. తగ్గిస్తే జుట్టు నలుగుతోంది, పెంచితే కత్తెర ఎగురుతోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో తీగ గట్టిపడిపోతుంది. ఈ కుదుపుతోనే గట్టిపడితే, నాన్నకి అన్నం తినే వేలు ఉంటుంది గాని కత్తెర వేలు ఉండదు.

ముప్పై ఒకటో రోజు సాయంత్రం అనకాపల్లి వెళ్లాను. మా ఇల్లు సెలూన్ వెనకే. మధ్యలో ఒక గుడ్డ తెర, అంతే అడ్డం. అమ్మ వంటింట్లో తోటకూర ఒలుస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని నాన్న కోత వీడియో పదోసారి పెట్టాను. కిచ్… నిశ్శబ్దం… కిచ్… నిశ్శబ్దం… తర్వాత పట్నాయక్ కేక.

“ఎవరిదే ఆ కత్తెర?” అంది అమ్మ తల ఎత్తకుండానే.

“నాన్నదే.”

“కాదు.”

“నాన్నదేనమ్మా, వచ్చి చూడు.”

“చూడక్కర్లేదు. ముప్పై ఐదేళ్లు ఈ తెర వెనక వండేను. మీ నాన్న కత్తెర మధ్యలో ఎప్పుడాగింది? కుర్చీలో మనిషి కూర్చున్న కాడ్నించి లేచేదాకా చిటచిటలాడుతూనే ఉంటాది. ఆగిందంటే ఆ మనిషి లేచిపోయినట్టు, నేను అన్నం వడ్డించేదాన్ని.” తోటకూర పక్కన పెట్టి నా వైపు చూసింది. “ఈ కత్తెర ప్రతి వెంట్రుకకీ ఆగిపోతున్నాదేటి?”

నేను లేచి నిలబడిపోయాను. బిగుసుకున్న సొరుగు లాగడం మీకు తెలిసే ఉంటుంది. కదలనప్పుడు గట్టిగా లాగాలి. కదిలిందంటే ఆ లాగిన బలమంతా ఎక్కువై సొరుగు వచ్చి ఒళ్లో పడుతుంది. వేలి తాడు కూడా అంతే. గొట్టంలో ఆగి ఉన్న తాడుని కదిలించడానికి పెట్టిన బలం, అది కదలగానే ఎక్కువైపోతుంది. అందుకే మంగలి తన వేలిని ఆగనివ్వడు. కోత లేనప్పుడు గాల్లో ఆడిస్తూ ఉంటాడు. జుట్టు తగిలే సమయానికి తాడు నడకలోనే ఉంటుంది కాబట్టి చిన్న బలం చాలు.

మర్నాడు పొద్దున్నే తొడుగు నా చేతికే వేసుకుని కొలిచాను. ఆగి మొదలుపెడితే, ఆగకుండా కోసినదానికి రెండింతల బలం పడుతోంది. పదకొండేళ్లు బొటనవేలు చదివి నేను చూడనిది మా అమ్మ తోటకూర ఒలుస్తూ విని చెప్పింది.

ఆ మధ్యాహ్నమే సెలూన్‌కి వెళ్లి నాన్నతో చెప్పాను.

“ఖాళీ కత్తెర తీసీసేరా? ఎవడు తీసీమన్నాడు?”

“నేనే.”

“నీకు ముందు నేర్పింది అదే కదే. ఆ పీట మీద నిలబెట్టి ఆరు నెలలు గాలిని కోయించేను. ఎందుకనుకున్నావు?”

“నేను జుట్టు పాడుచేస్తానని భయమేమో అనుకున్నాను.”

“పిచ్చిదానా,” అన్నాడు. “ఆగిన వేలు మొద్దుబారిపోద్ది. నడుస్తున్న వేలికే మాట వినడం వస్తాది.” అని నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు తెలిసింది కాబట్టి దిద్దడం ఎంతసేపు అనుకున్నాను. ఆ సాయంత్రం విశాఖలో ఫరీదా మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి నన్ను కూర్చోబెట్టారు.

“హైమా, మీ నాన్నగారికి మోచేతి దగ్గర మిగిలిన నరం ముక్క ఒక్క మాటే చెప్పగలదు. ముడువు అని. ఆగు అని చెప్పడం దానికి రాదు. ఖాళీ కత్తెర నేర్పితే అది తీగకి విశ్రాంతి స్థితి అయిపోతుంది. అంటే ఆ వేలు ఇంక ఎప్పుడూ ఆగదు. మెలకువలో ఆగదు, నిద్రలో ఆగదు. గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది, అన్నం ముద్ద నిలవదు. పైగా బొటనవేలి మొదట్లో కీలు. అన్నేసి లక్షల సార్లు ఆడితే పదీ పన్నెండేళ్లలో అరిగిపోతుంది. అప్పుడు వచ్చే నొప్పి నాకు తెలుసు. ఇప్పుడున్నట్టే వదిలేస్తే మామూలు జీవితానికి మంచి వేలు. నీ ఇష్టం కాదు, ఆయన ఇష్టం కనుక్కో.”

నా ఇష్టం మాత్రం నాకు స్పష్టంగా ఉంది. ఒప్పుకోకూడదనుకున్నాను. ఆ రాత్రే మళ్లీ సెలూన్‌కి వెళ్లి ఆ మాటే గట్టిగా చెప్పాను. ఇప్పుడు చేత్తో తింటున్నావు, గుండీలు పెట్టుకుంటున్నావు, అది చాలదా అన్నాను. నిద్రలో కూడా కొట్టుకునే వేలిని నేను నీకు పెట్టలేను అన్నాను. పన్నెండేళ్ల తర్వాత నొప్పితో నువ్వు మూలుగుతుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలని అరిచాను.

నాన్న పేపరు మడిచాడు. “నాకు అరవై రెండు. పన్నెండేళ్లు కలిపితే?”

“డెబ్బై నాలుగు.”

“డెబ్బై నాలుగేళ్లదాకా కత్తెర పడతానంటే నువ్వు ఏడుస్తావేటే? మా నాన్న అరవైకే ఒగ్గేసేడు.” అద్దం ముందున్న కత్తెరల వైపు చూపించాడు. “గుండీలు మీ అమ్మ పెడతాది. అన్నం చెంచాతో తింటాను. రెండేళ్లు ఈ బెంచీ మీద కూర్చుని వచ్చినోడికల్లా రేపు రా, రేపు రా అన్నాను. ఆ మాట అన్నప్పుడల్లా నాకెలాగుండీదో నీకు తెల్సా? నొప్పి గురించి నాకు చెప్పకు.”

బెంచీ మీద ఆయన పక్కన కూలబడ్డాను.

“అమ్మని అడుగు,” అన్నాను చివరికి. “పక్కన పడుకునేది ఆవిడ.”

తెర పక్కకి తప్పించుకుని అమ్మ వచ్చింది. అన్నీ వింటూనే ఉంది, ఆ ఇంట్లో వినపడనిదేముంది? చేతులు కొంగుకి తుడుచుకుని నాన్నతో కాదు, నాతో మాట్లాడింది.

“నొప్పి వస్తాదంటే నాకూ భయమే. పొద్దున్నే లేచి ఆ వేలు చూసుకోవాలంటే గుండె పీకుతాది. కానీ ఈ రెండేళ్లూ ఈ మనిషి నా ఎదురుగా ఉండి కూడా ఇంట్లో లేడే. ఆయన్ని తెచ్చీ.” తెర దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “తెస్తే మీ నాన్న కత్తెరే తేవాలి. నువ్వు కోస్తే వినీ విననట్టు ఊరుకున్నాను గానీ నీది మరీ పరుగు,” అంది.

ముప్పై మూడో రోజున మా అమ్మ జీవితంలో మొదటిసారి ల్యాబులో అడుగుపెట్టింది. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. ఎవరు చెప్పినా వేసుకోలేదు. నేను తొడుగు వేసుకుని ఖాళీ కత్తెర ఆడించడం మొదలుపెట్టాను. అమ్మ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. పట్నాయక్ చెవికి కట్టుతో తెర ముందు కూర్చున్నాడు. వాడి దగ్గర లక్షల ఖరీదు చేసే కొలిచే యంత్రాలున్నాయి. ఆ రోజు ఒక్కటీ పనికిరాలేదు, ఎందుకంటే నాన్న పాత వేలు ఎలా నడిచేదో ఏ యంత్రమూ విని ఉండలేదు.

“నెమ్మది,” అంది అమ్మ.

తగ్గించాను.

“ఇంకా నెమ్మది. తరుముకొస్తున్నారేటి ఎవరైనా? … ఆ. అలాగ. కాదు కాదు, రెండు దగ్గరగా, మూడోది కొంచెం ఎడంగా. మీ నాన్న అలాగే ఆడిస్తాడు.”

అలా గంటన్నర. నా వేలు నొప్పెట్టింది, చెమటలు పట్టాయి. చివరికి అమ్మ ఏమీ అనడం మానేసింది. చేతులు ఒళ్లో కదులుతున్నాయి. గమనించి చూస్తే కంటికి కనపడని కూర ఏదో ఒలుస్తోంది. పట్నాయక్ నా వైపు తిరిగి, “రికార్డు చేసుకోనా మేడమ్?” అని గుసగుసగా అడిగాడు. తల ఊపాను.

అదే తీగకి నేర్పాం. ముప్పై ఐదో రోజుకి నాన్న బొటనవేలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు దగ్గరగా, మూడోది కొంచెం ఎడంగా. టీ గ్లాసు ఎడమచేతికి మారింది. చెంచా వచ్చింది. మధ్యాహ్నం నిద్రపోతున్న నాన్న చెయ్యి దుప్పటి మీద ఆడుతూ ఉంటే నేను గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. అది నేను పెట్టిన వేలు. ఈ పని మళ్లీ చేస్తావా అని అడిగితే చేస్తాననే చెబుతాను. కాని ఆ చూడటం సుఖంగా లేదు. తీగ కోసం మా దగ్గర ఎదురుచూస్తున్న నర్సాపురం లేసు పనావిడ చేతిని కొలవడానికి వెళ్లినప్పుడు మాత్రం, పని చేస్తున్నప్పుడు కాదు, ముందు పని లేనప్పుడు ఆ వేళ్లు ఏం చేస్తాయో రాసుకున్నాం.

నలభై ఒకటో రోజున తీగ గట్టిపడింది. ఇంక ఎలా ఉంటే అలాగే. ఆ పొద్దున ఎనిమిదింటికి నాన్న షాపు తెరిచి, అద్దాలు తుడిచి, కత్తెరలు పేర్చాడు. పట్నాయక్ రెండు చెవులూ చేతులతో మూసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి తల ఎవరిదన్న ప్రశ్నే లేదు. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

నాన్న నా మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. సగం వీపు దాకా ఉన్న జుట్టు విప్పి దువ్వాడు.

“ఎంతదాకా?” అన్నాడు, ఎవరినైనా అడిగినట్టే.

“ఎప్పటిలాగే.”

కత్తెర గాల్లో మొదలైంది. చిటచిట, చిట. చిటచిట, చిట. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ ధ్వని నా తల వెనకగా సాగి, మెడ దగ్గరికి వచ్చి, ఆగకుండానే జుట్టులోకి దిగింది. మొదటి పాయ గుడ్డ మీద నుంచి జారి కింద పడింది. నా తల తేలికైంది. రెండో పాయ పడింది. కుదుపు లేదు. చెవి పక్కనుంచి చల్లటి ఉక్కు నున్నగా జారిపోయింది. లోపల గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఒక పక్క అయ్యాక నాన్న కత్తెర ఎడమచేతికి మార్చుకుని, చిన్నప్పుడు చేసినట్టే కుడి అరచెయ్యి నా తల మీద ఆనించి అద్దంలో చూశాడు. చేతిలో కత్తెర లేదు. బొటనవేలు మాత్రం నా చెవి వెనక కొట్టుకుంటూనే ఉంది. రెండు దగ్గరగా, మూడోది ఎడంగా. దాన్ని ఆపడం నాకు చేతకాదు, ఇంకెవరికీ చేతకాదు. ఏడుపుతో నా భుజాలు కదిలిపోతున్నాయి. ఆపుకుందామంటే అవీ నా మాట వినడం లేదు.

“కదలకమ్మా,” అన్నాడు నాన్న. “ఇంకా ఆ పక్క ఉన్నాది.”